అయిదు గీతల పిచ్చి

నాకు స్టాఫ్ నొటేషన్, అంటే అయిదు గీతల మీద చుక్కలు పెట్టి పాట రాసే పాశ్చాత్య పద్ధతి, చదవడం రాదు. అయినా కట్టలకొద్దీ రాశాను, ప్రింట్లు తీశాను, జిరాక్సులు పంచాను. చదవడం రానివాడు ఎలా రాశాడని మీకు అనుమానం రావాలి. నాకు మాత్రం రాలేదు.

కంప్యూటరు ముందు కూర్చుంటే అలాంటి అనుమానాలు రావు. మ్యూజ్‌స్కోర్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. 2002లో వెర్నర్ ష్వేర్ అనే జర్మన్ మొదలుపెట్టాడు. పైసా ఖర్చు లేదు. మౌసుతో గీత మీద చుక్క పెడితే అది మోగుతుంది. చెవికి తప్పనిపిస్తే పైకో కిందకో జరుపుకోవడమే. హార్మోనియం మెట్లు నాలుగు తెలిసినవాడెవడైనా చుక్కలు జరుపుకుంటూ పోతే సాయంత్రానికి బీథోవెన్ రాసినంత దర్జాగా ఒక కాగితం తయారవుతుంది. ఫినాలే లాంటి ఖరీదైనవి కొనే స్తోమత నాకెప్పుడూ లేదు. 2024లో ఆ ఫినాలేకి స్వస్తి చెబుతున్నారన్న వార్త చదివి నాలో నేను మురిసిపోయాను. అది కూడా నా మూర్ఖత్వాల జాబితాలో చేరాల్సిందే.

టెక్కలిలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. పలాస పక్కన కాశీబుగ్గలో ఇల్లు. 2020 మార్చి 6న 'పలాస 1978' సినిమా వచ్చింది. అందులో రఘు కుంచె సంగీతంతో వచ్చిన నక్కిలీసు గొలుసు పాట మా వైపు జనం ఎప్పటినుంచో పాడుకునేదే. మూడు వారాలు తిరక్కముందే లాక్‌డౌను. ఎవరింట్లో వాళ్లు, ఎవరి ఫోనులో చూసినా అదే పాట. అది విన్నవాళ్లు మన పాటలు ఎంత బాగున్నాయో అనుకుని ఊరుకున్నారు. నేను మాత్రం ఇళయరాజా కాగితాల మీద స్వరాలు రాసి వాద్యగాళ్లకు పంచే ఫోటోలు గుర్తు చేసుకుని, మన పాటలకు ఆ భాగ్యం నా చేతుల మీదుగా పట్టాలని నిర్ణయించుకున్నాను.

నాకు కాస్తో కూస్తో వచ్చింది సరిగమలు. చెన్నైలో ఎం. సుబ్రమణియన్ గారు కర్ణాటక సంగీతం కోసమే 'గాయక' అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. సరిగమలే టైపు చేయొచ్చు, గమకాలు కూడా పలికించొచ్చు. నాకు సరిగ్గా సరిపోయే పనిముట్టు. కానీ అందులో అయిదు గీతలు ఉండవు. అయిదు గీతలు లేని కాగితం చూపిస్తే మా తోడల్లుడు ఏమనుకుంటాడు?

ఈ పొగరుకి చరిత్రలోంచి మద్దతు కూడా వెతుక్కున్నాను. 1893లో మద్రాసులో చిన్నస్వామి ముదలియార్ మన కృతుల్ని పాశ్చాత్య పద్ధతిలో రాసి అచ్చు వేశాడు. ఆయన తర్వాత నేనే అనుకున్నాను, అబద్ధమెందుకు. ఆయన సుబ్బరామ దీక్షితర్ దగ్గర కృతులు సేకరించి రాశాడన్న సంగతిని మాత్రం పట్టించుకోలేదు. ఆ దీక్షితరే 1904లో ఎట్టయపురం నుంచి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెచ్చినప్పుడు అయిదు గీతల జోలికి పోలేదు. తెలుగు లిపిలో సరిగమలే రాసి, ఒక్కో గమకానికి ఒక్కో గుర్తు పెట్టించాడు. పాట ఎలా ఉందో దానికి తగ్గట్టు గుర్తుల్ని పుట్టించుకున్న మనిషి ఆయన. నేను గుర్తులకు తగ్గట్టు పాటను కత్తిరించాను.

కత్తిరింపు మొదలైంది మా వెనక వీధిలో ఉండే అప్పతో. వాళ్లది సముద్రం పక్క పల్లె. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం మీద విరుచుకుపడినప్పుడు వాళ్ల కొబ్బరి చెట్లన్నీ పడిపోయాయి. అప్పటినుంచి కాశీబుగ్గలో జీడిపప్పు పొట్టు తీసే పని. లాక్‌డౌనులో షెడ్లు మూతపడితే మా అరుగు మీద కూర్చునేది. ఆవిడకి వాళ్లమ్మ నేర్పిన నలుగు పాట ఒకటుంది. ఫోనులో రికార్డు చేసుకుని లోపలికి పరుగెత్తాను.

కొత్త ఫైలు తెరిస్తే మ్యూజ్‌స్కోర్ నాలుగు దెబ్బల తాళం చూపిస్తుంది. మార్చుకోవచ్చు. మార్చుకోవచ్చని నాకు తెలీదు. అప్ప పాట మూడు మూడుగా నడుస్తుంది, నేనేమో నాలుగు దెబ్బల గడుల్లో కూరుతున్నాను. స్వరం గడిలో పట్టకపోతే సాఫ్ట్‌వేర్ దాన్ని విరిచి, మిగిలిన ముక్కను పక్క గడిలో వేసి, రెంటినీ వంకర గీతతో ముడేస్తుంది. ప్రతి గడిలో లెక్క సరిపోయింది కదా, లెక్కల మాస్టారికి ఇంకేం కావాలి? చివరికి గడుల మధ్య అడ్డు గీత "పెళ్లి"లోని ఒత్తు నెత్తిన వచ్చి కూర్చున్నా నాకు తప్పనిపించలేదు.

అప్ప ప్రతి చరణం చివర ఒక స్వరం పట్టుకుని ఆగుతుంది. ఎంతసేపో లెక్క తేలదు. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. నేను ఆ నిలుపుల్ని ఒక్కొక్కటే తీసేసి, అంతటినీ సమం చేసి, ఆవిణ్ణి పిలిపించి, కంప్యూటరు వాయిస్తుంటే దానితో కలిపి పాడమన్నాను. పాపం, ప్రయత్నించింది. రెండో చరణానికి ఆగిపోయింది.

"బావూ, ఈ పెట్టి ఆగదేటి? నాను ఊపిరి తీసుకోవాల, ఎనకోల్లు అందుకోవాల గదా."

"అది ఆగదప్పా. నువ్వే తాళం తప్పుతున్నావు."

"తప్పే కామోసు బావూ," అంది. చీర కుచ్చిళ్లు సర్దుకుని వెళ్లిపోయింది. చిన్నప్పటినుంచి పదిమంది ఆడవాళ్లని తన వెంట పాడిస్తున్న మనిషి ఆవిడ. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను కూడా.

జముకు వాయించే తాత సంగతి ఇంకా అన్యాయం. జముకు చూడనివాళ్ల కోసం: ఒక పక్క చర్మం మూసిన డొల్ల, ఆ చర్మం మధ్యలోంచి వచ్చే తీగ. తీగను బిగించి వదులుతూ మీటితే స్వరం ఎక్కడా ఆగకుండా పైకీ కిందకీ జారుతుంది. ఆ జారుడుని చూపించడానికి సాఫ్ట్‌వేర్‌లో ఒక ఏటవాలు గీత దొరికింది. గీసి వాయింపిస్తే పియానో ఒక్క మెట్టూ వదలకుండా అన్నీ పలికింది, మేడ మెట్ల మీద చెంబు దొర్లినట్టు. అందుకని తాతను సా దగ్గర మొదలెట్టి పా దగ్గర ఖచ్చితంగా ఆపమన్నాను. తాత బొడ్డపాడు వైపు మనిషి. అక్కడ గుడిలో పూజారిగా ఉంటూ జముకుల కథ చెప్పి, 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో చనిపోయిన సుబ్బారావు పాణిగ్రాహిని చిన్నతనంలో చూశాడట. ఆయన కథ ఎత్తుకునే తీరు ఇలాగుండేది బావూ అని వాయించి చూపించబోయాడు. "తాతా, ముందు నాకు సా ఇయ్యి, ఫోనులో మెమరీ అయిపోతోంది" అన్నాను. తాత సా ఇచ్చాడు. ఇప్పుడు తాత లేడు. ఆ సా మాత్రం ఫైలులో భద్రంగా ఉంది.

తర్వాత మా మేనకోడలి పెళ్లి. ఊరేగింపులో బ్యాండు వాళ్లు అప్ప పాట వాయించాలని పట్టుబట్టాను. ముందురోజు అందరికీ నేను ఫోనులో తీసిన అప్ప రికార్డింగు పంపాను, తలో జిరాక్సూ ఇచ్చాను. ట్రంపెట్ కుర్రాళ్లు కాగితాలు మడిచి విసురుకున్నారు, పాట మాత్రం ఫోనులో విని పూటలో పట్టేశారు. నక్కిలీసు గొలుసు కూడా అలా పట్టినవాళ్లే. వాళ్లలో కాగితం చదవగలిగినవాడు ఒక్కడే. ఒకప్పుడు పోలీసు బ్యాండులో పనిచేసిన క్లారినెట్ పెద్దాయన. ఆయన మర్యాదగా కాగితం చూసి వాయించాడు. బ్యాండంతా ఒక శ్రుతిలో, ఆయనొక్కడే హార్మోనియం మీద రెండు మెట్లు కింద. మండపం దాకా అదే మోత. మా బావగారు నా చెవిలో "ఆ ముసలాయన తాగాడేమో కనుక్కో" అన్నారు. నేను అవునన్నట్టు తలాడించాను. ఇది మాత్రం ఇప్పటికీ ఎవరికీ చెప్పుకోలేదు.

తప్పు ఆయనది కాదు. మన బ్యాండుల్లో వాయించే క్లారినెట్‌కి కాగితమ్మీద సా రాస్తే పలికేది రెండు మెట్ల కిందది. అది తెలిసినవాళ్లు ఆ వాద్యానికి రెండు మెట్లు పైకెత్తి రాస్తారు. సాఫ్ట్‌వేర్ నన్ను మొదట్లోనే ఏ వాద్యమని అడిగింది. క్లారినెట్ అని నొక్కి ఉంటే ఆ పైకెత్తడం దానంతటదే చేసేది. శబ్దం గంభీరంగా ఉంటుందని పియానో నొక్కాను.

పెళ్లయిన వారానికి పెద్దాయనే ఇంటికి వచ్చాడు, కాగితం పట్టుకుని. కోపంగా ఏమీ లేడు. "రెండు మెట్లు ఎత్తి రాయండి మేస్టారూ, ఈ పాట బాగుంది, మళ్లీ వాయిస్తాం" అన్నాడు. ఎత్తి రాసి చూపించాను. ఆయన మనసులోనే చదువుకుంటూ చరణం చివరికొచ్చి ఆగాడు.

"ఆవిడ ఇక్కడ నిలుస్తాది గదండి. గుర్తు పెట్టలేదేటి?"

జేబులోంచి పెన్ను తీసి ఆ స్వరం మీద ఒక అర్ధచంద్రం, దాని లోపల చుక్క పెట్టాడు. ఆ గుర్తున్నచోట వాయించేవాడు లెక్క ఆపేసి కావలసినంతసేపు నిలవొచ్చట. ఆ గుర్తు నాకు తెలుసు. సాఫ్ట్‌వేర్‌లో పక్కనే వరసగా ఉండే గుర్తుల్లో రోజూ కనబడేది. అలంకారం కాబోలనుకుని ఒకసారి పాట పేరుకి రెండు పక్కలా పెట్టుకున్నాను కూడా.

పెద్దాయన కాగితం తిప్పి పైభాగం చూశాడు. కొత్త ఫైలు తెరిచినప్పుడు పాట పేరుతో పాటు స్వరకర్త పేరు కూడా అడుగుతుంది. ఆ గడి ఖాళీగా వదిలితే బాగుండదని ఏదో ఒకటి టైపు చేశాను. కుడివైపు, అందమైన అక్షరాల్లో, ఇంటిపేరుతో సహా.

"ఇది మీరు కట్టిన పాటేటండి?" అన్నాడు.

ప్రింటరులో కాగితం ఇరుక్కుందని చెప్పి లోపలికి వెళ్లాను.