ప్యాసేజీల లేదు తాతా

మెదక్ జిల్లా ఎల్దుర్తిలో ఎంసెట్ పిలగాళ్లది పాత జాతి. పరీక్ష పేరు ఈఏపీసెట్ అయినా మన నోట్లో ఎంసెట్ మారలేదు, ఆ పిలగాళ్లూ మారలేదు. సూత్రాలు గొణుక్కుంటూ తిరుగుతారు, పలకరిస్తే ఉలిక్కిపడతారు, అంతకు మించి ఊరికి వాళ్లతో పేచీ లేదు. నేను చెప్పబోయేది కొత్త జాతి గురించి. 2022లో సీయూఈటీ వచ్చాక పుట్టింది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ సీటుకు దేశం మొత్తానికి ఒకటే పరీక్ష అన్నారు. అందులో భాష పేపరుకు పదమూడు భాషలు పెట్టారు, తెలుగు కూడా ఉంది. మనవాడు మాత్రం ఇంగ్లిషే తీసుకుంటాడు. ఎందుకురా అంటే, "సేఫు" అంటాడు. ఇంగ్లిషును సేఫు అన్న మొదటి మనిషి మా మండలంలో వీడే.

ఆ పేపరులో ముఖ్యమైనది ప్యాసేజీ. ఒక పేరాల కట్ట ఇస్తారు, కింద ప్రశ్నలు ఇస్తారు. చదివి జవాబు గుర్తించాలి. వినడానికి ఇంతే. కానీ దీన్ని రోజూ సాధన చేసినవాడు మామూలు మనిషిగా మిగలడు. అందుకే వీణ్ని ప్యాసేజీ పిలగాడు అందాం. ఇంటర్ రెండో ఏడు చదువుతున్నాడు. ఎనిమిదో తరగతిలో ఉండగా సర్కారు బళ్లు ఇంగ్లిష్ మీడియం అయ్యాయి, ఒక పక్క ఇంగ్లిషూ ఎదురు పేజీలో తెలుగూ ఉన్న పుస్తకాలు వచ్చాయి. ఇప్పటికీ ఇంగ్లిష్ వాక్యం కష్టమైతే వీడి మెడ దానంతటదే పక్కకు తిరుగుతుంది. పక్క పేజీలో ఇంకా గట్టి ఇంగ్లిష్ కనపడేసరికి మళ్లీ మెల్లగా ఇటు తిరుగుతుంది. చూసేవాళ్లు పిలగాడికి మెడ పట్టేసిందని నూనె రాయమంటారు.

పుస్తకం కోఠిలో కొన్న సెకండ్‌హ్యాండ్‌ది. పాత యజమాని జవాబుల పక్కన పెన్సిల్‌తో టిక్కులు పెట్టి పోయాడు. మనవాడికి ఆ టిక్కుల మీద అపారమైన గురి. "ఆయనకు సీటొచ్చిందారా?" అని ఓసారి అడిగాను. "వచ్చినందుకే గద కాకా అమ్మిండు" అన్నాడు. రాకపోయినా అమ్ముతారన్న సంగతి నేను నోరు తెరిచి చెప్పలేదు.

కోచింగ్ వీడియోలో నేర్పిన మొదటి కిటుకు ఏమిటంటే, ముందు ప్రశ్నలు చదవాలి, ఆ తర్వాతే ప్యాసేజీ. దీన్ని వాడు ఇంట్లోనూ అమలు పెట్టాడు. వాళ్లమ్మ కట్టెల పొయ్యి దగ్గర కూర్చుని, "మొన్న మీ పెద్దనాయినోళ్ల ఇంటికి పోతిమి గద, ఆడ మీ వదినె ఏమన్నదంటే..." అని ఎత్తుకుంటే, "ముందుగల ప్రశ్న ఏందో చెప్పమ్మా, కథ తర్వాత" అంటాడు. ఆమె చెప్పేదాంట్లో ప్రశ్న ఉండదు. ఆ సంగతి వాడికి అర్థమయ్యేసరికి అన్నం చల్లారిపోతుంది.

ఇంక మార్కుల లెక్క. యాభై ప్రశ్నలు, అరవై నిమిషాలు. ఒప్పుకు ఐదు మార్కులు, తప్పుకు మైనస్ ఒకటి, ముట్టకుండా వదిలేస్తే సున్నా. ఇది వాడి ఒంట్లోకి ఎక్కింది. "కూరల ఉప్పు సరిపోయిందా బిడ్డా?" అని అడిగితే చటుక్కున చెప్పడు. ఎక్కువైంది, తక్కువైంది, సరిపోయింది, ఇచ్చిన సమాచారంతో చెప్పలేం అని నాలుగు ఆప్షన్లు లోపల పరుచుకుంటాడు. మూడోది ఒప్పే అనిపిస్తుంది, కానీ మైనస్ ఒకటి కళ్ల ముందు ఆడుతుంది. చివరికి "స్కిప్ చేసిన అమ్మా" అంటాడు. పిలగాడు కడుపు మాడ్చుకుంటున్నాడని ఆ తల్లి ఇంకో గరిటె వేస్తుంది. వాడు బొద్దుగా అవుతున్నది ఇలాగే.

రెండో కిటుకు ఇంకా ప్రమాదం. 'ఎప్పుడూ', 'అందరూ', 'ఏ ఒక్కరూ' లాంటి మాటలున్న ఆప్షన్ దాదాపుగా తప్పు, కొట్టేయాలి. ఈ విద్య చేతపట్టుకుని వాడు 2025 డిసెంబర్ పంచాయతీ ఎన్నికల్లోకి నడిచాడు. దాదాపు రెండేళ్లు సర్పంచులు లేక, ప్రత్యేకాధికారుల పాలనలో ఉండి ఉండి వచ్చిన ఎన్నికలాయె, అభ్యర్థుల గొంతుల్లో రెండేళ్ల మాటలు నిలవున్నాయి. ఒకాయన గడప ముందు నిలబడి దండం పెట్టి, "ఊళ్లె అందరికి ఎప్పటికి అందుబాటుల ఉంట" అన్నాడు. మనవాడు లోపలి నుంచి, "రెండు ఎక్స్‌ట్రీమ్ మాటలున్నయన్నా, ఈ ఆప్షన్ ఎగిరిపోతది" అన్నాడు. ఇంకొకాయన వచ్చి అరగంట మాట్లాడితే చివర్లో, "ఆథర్స్ టోన్ ఆప్టిమిస్టిక్, సపోర్టింగ్ డీటెయిల్స్ లేవు" అని తేల్చాడు. ఓటు వయసు రాలేదు కాబట్టి బతికిపోయాడు. నన్నడిగితే, ఓటున్న వాళ్లకు కూడా ఓ నెల ఈ కోచింగ్ ఇప్పించొచ్చు.

ప్యాసేజీల్లో రెండు రకాలు ఎక్కువ వస్తాయని వాడి నమ్మకం. ఒకటి రాజకీయం, రెండోది వాతావరణ మార్పు. అందులోనూ రెండోదే ముందు. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లకు దాని మీద అంత ప్రేమ ఎందుకో నాకో ఊహ ఉంది. రాజకీయం రాస్తే ఎవడికో ఒకడికి కోపం వస్తుంది. మంచు కరిగిందని రాస్తే మంచు వచ్చి కేసు వేయదు. ఆ పుణ్యాన మనవాడికి ధ్రువాల సంగతి ఇంటి పెరడంత పరిచయం. 1997 క్యోటో, 2015 పారిస్, ఒకటిన్నర డిగ్రీల హద్దు, 2021లో గ్లాస్గోలో మన దేశం 2070కల్లా నెట్ జీరో అని ఇచ్చిన మాట, 2024లో బాకులో పేద దేశాలకు 2035 నాటికి ఏడాదికి మూడు వందల బిలియన్ డాలర్లని కుదిరిన లెక్క, అన్నీ నాలుక చివర ఉంటాయి. నర్సాపూర్ బస్సు ఎన్నింటికో మాత్రం తెలియదు. అది ఏ ప్యాసేజీలోనూ రాలేదు.

ఈ జ్ఞానానికి ఇంట్లో ఒక్కరే గిరాకీ, వాళ్ల నాయనమ్మ. సాయంత్రం బీడీలు చుట్టుకుంటూ వింటుంది. అమెరికా సంగతి చెప్పాడో రోజు. 2017లో పారిస్ ఒప్పందం నుంచి పోతానన్నది, 2020లో పోయింది, 2021లో తిరిగొచ్చింది, 2025 జనవరిలో మళ్లీ పోతానని సంతకం పెట్టింది. ఆమె దారం కొరికి, "అలిగిన అల్లుడి లెక్కనే ఉన్నది గద. కోడి కోసెదాక రాడు, కోసినంక మల్ల అలుగుతడు" అంది. మనవాడు ఆప్షన్లలో వెతికాడు, అది లేదు.

ఇంకో రోజు మాల్దీవుల కథ. సముద్రం పైకొస్తే దేశం మునుగుతుందని ప్రపంచానికి చూపించడానికి 2009 అక్టోబర్‌లో అక్కడి అధ్యక్షుడు నషీద్ మంత్రులను గాలి సిలిండర్లతో నీళ్లలోకి దింపి, అడుగున కేబినెట్ సమావేశం పెట్టాడు. సైగలతో మాట్లాడుకున్నారు.

"సైగలతోనా? ఎవ్వలు ఏమన్నరో ఎవ్వలకు వినపడదన్నట్టు."

"అవు."

"మన పంచాయతి మీటింగులు గూడ గంతే గదరా. నీళ్లెందుకు మల్ల?"

తాత దగ్గర మాత్రం వాడి ఆటలు సాగవు. ఎందుకంటే తాత బయటి జ్ఞానం వాడతాడు. ప్యాసేజీ శాస్త్రంలో ఇంతకన్నా పెద్ద నేరం లేదు. నీకు ఏం తెలిసినా సరే, ప్యాసేజీలో ఉన్నదే నిజం, లేనిది అబద్ధం కాదు, అసలు లేదు. ఓ పొద్దున వాడు 1972 జూన్‌లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు మీద ప్యాసేజీ పైకి చదివి అర్థం చెప్పుకుంటున్నాడు. పేదరికాన్ని పక్కన పెట్టి పర్యావరణం గురించి మాట్లాడలేమని అక్కడ ఇందిరాగాంధీ గట్టిగా వాదించిందని అందులో ఉంది.

"మన ఎంపీ గదరా!" అన్నాడు తాత, మంచం మీద లేచి కూర్చుని.

"ఎవలు?"

"ఇందిరమ్మ. ఎనభైల మెదక్‌ల నిలబడె, రాయ్‌బరేలిల గూడ నిలబడె. రెండు తాన గెలిచి అది ఇడిసిపెట్టి మన సీటు ఉంచుకునె. పాణం పోయిందాక మన ఎంపీనే. నా ఓటు ఆమెకే."

"ప్యాసేజీల లేదు తాతా."

"లేకుంటె? ఏసినోన్ని నేను ఈడ కూసుంటి గద!"

"నువ్వు గూడ లేవు ప్యాసేజీల."

తాత ఆ పూట చాయ్ తాగలేదు.

మరుసటి వారం మీథేన్ వచ్చింది. నీళ్లు నిలబడ్డ వరి మళ్లలో మట్టికి గాలి అందదు, అందులో బతికే సూక్ష్మజీవులు మీథేన్ పుట్టిస్తాయి, అది భూమిని వేడెక్కిస్తుంది అని ప్యాసేజీ. ఎకరంన్నర కౌలుకు చేసే వాళ్ల నాయిన విన్నాడు. "అంటె గీ ఎండలకు నేనేనా కారణం?" అని కాసేపు నెత్తి పట్టుకున్నాడు. విరుగుడు కూడా ఉందన్నాడు మనవాడు. పొలాన్ని ఎప్పుడూ నింపి పెట్టకుండా ఓసారి తడిపి, ఆరనిచ్చి, మళ్లీ తడపాలి. శాస్త్రవేత్తలు చెప్పిన పద్ధతి. తాత పకపకా నవ్వాడు. "బోరుకు కరెంటు ఆరు గంటలు ఇచ్చిన దినాలల్ల మేం జేసింది అదే గదరా. ఉన్నప్పుడు తడుపుడు, పోయినప్పుడు ఆరుడు. సైంటిస్టులు మా తాన నేర్చుకున్నరు!" ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చాక ఆ శాస్త్రం ఊళ్లోంచి పోయిందన్నది తాత వాదం. ఇది సగమైనా నిజమని నాకు అనుమానం. మనవాడు దాన్ని 'ఔట్ ఆఫ్ స్కోప్' అని పక్కన పెట్టాడు.

2025 ఆగస్టు ఆఖరి వారంలో మెదక్, కామారెడ్డి జిల్లాల మీద ఆకాశానికి చిల్లు పడింది. చెరువులు మత్తళ్లు దూకాయి, రోడ్లు కోసుకుపోయాయి. ఇంటింటా పొలం సంగతి, పశువుల సంగతి. మనవాడు మాత్రం కరెంటు పోయి ఫోన్ చచ్చిపోయిందని, మాక్ టెస్టు సగంలో ఆగిందని కుమిలిపోయాడు. దేని మీద ప్యాసేజీరా అంటే, "కుండపోత వానలు ఎందుకు పెరుగుతున్నయనే దాని మీద. గాలి వేడైతె ఎక్కువ ఆవిరి పట్టుకుంటది, డిగ్రీకి ఏడు శాతం దాకా" అన్నాడు. మోకాలి లోతు నీళ్లలో నిలబడే అన్నాడు. 2021లో తువాలు దేశపు మంత్రి సముద్రంలో మోకాళ్ల దాకా దిగి ప్రపంచానికి ఉపన్యాసమిచ్చిన వీడియో వాడే నాకు చూపించాడు. వీడికి మైకొక్కటే తక్కువ.

యాసంగి కోతలు అయ్యాక వాడికి అసలైన చదువు గది దొరుకుతుంది: వడ్ల కొనుగోలు కేంద్రం. కుప్ప పోసి తేమ పదిహేడు శాతానికి దిగే దాకా ఆరబోయాలి, ఆ తర్వాత కాంటా, ఆ తర్వాత లారీ. ఇవన్నీ అయ్యేసరికి రోజులు పడతాయి. రాత్రి కుప్ప దగ్గర ఎవరో ఒకరు పండుకోవాలి. ఆ డ్యూటీ తాతకూ మనవడికీ పడింది. తాత ఆకాశం చూస్తాడు, మనవడు పుస్తకం చూస్తాడు. మబ్బు పట్టినప్పుడల్లా తాత, "తాటిపత్రి గుంజురా!" అంటాడు. మనవడు ఓ చేత్తో గుంజుతాడు, ఇంకో చెయ్యి పేజీలో వేలు పెట్టి ఉంటుంది. టైమర్ ఆపితే సాధన చెల్లదట.

అట్లాంటి ఓ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. రాళ్ల వాన పడవచ్చని ఫోన్లలో మెసేజీలు తిరుగుతున్నాయి. వాడు ఏదో సర్వే మీద ప్యాసేజీ చేస్తున్నాడు. తాత, "ఏమున్నదిరా దాంట్ల?" అని అడిగాడు.

"దక్షిణాసియా రైతులల్ల ఎక్కువమందికి వాతావరణం మారుతున్న సంగతి తెల్వదట."

తాత తాటిపత్రి కొస మీద రాయి పెడుతున్నవాడల్లా ఆగాడు. "ఎవనికి తెల్వది?"

"రైతులకు."

"నాకా?"

"నీ పేరు లేదు తాతా. రైతులకు అని ఉన్నది."

"మొన్న ఉగాదికి రాళ్లు పడితే పంటంత రాలిపాయె. వానలు పడాల్సిన నాడు పడకపాయె, వద్దన్న నాడు ఊరు ముంచె. గిప్పుడు గీ వయసుల రాత్రిపూట వడ్లకు కావలి పండుకుంటున్న. ఎందుకు పండుకుంటున్నరా నేను? మబ్బుల జూసి మురువనీకా?"

"నిజమే తాతా. గని ప్రశ్న గిది: ప్యాసేజీ ప్రకారం ఏది సరైనది? బి ఆప్షన్ల 'రైతులకు అవగాహన లేదు' అని ఉన్నది. పెన్సిల్ టిక్కు గూడ దానికే ఉన్నది."

"తెలుసు అనేది ఏది?"

"డి. గని 'అందరికి తెలుసు' అని ఉన్నది. 'అందరికి' అంటె కొట్టేయాలె."

తాత నావైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. మనవడు పెన్సిల్ గాల్లో పట్టుకుని కూర్చున్నాడు. టైమర్‌లో నిమిషంన్నర ఉంది.

"డి పెడితె ఏమైతది?" అన్నాడు తాత.

"మైనస్ ఒకటి."

"బి పెడితె?"

"ఐదు."

తాత రాయిని ఇంకో కొస మీదికి దొర్లించాడు. చేతులు దులుపుకున్నాడు. కుప్ప చుట్టూ ఓ చుట్టు తిరిగి వచ్చాడు.

"ఐదు ఖాయమేనా?"

"ఖాయం."

"అట్లయితె పెట్టు. నాకేం తెల్వదనే పెట్టు. సీటొచ్చినంక ఢిల్లీల ఎవలన్న పెద్దసారు కనపడితె, మా తాతకు తెలుసు అని చెప్పు. ముందుగాల గా కొస పట్టు, చినుకులు పడుతున్నయ్!"