నాయనమ్మను దాచిన రాళ్లు

మా సంఘం ముందు నిలబడి, తెలంగాణలో క్రైస్తవం వెయ్యేళ్లకు పైబడినదని చెప్పాను. అది నిజం కాదు. చెప్పేటప్పుడు నిజమనే నమ్మాను. కాని ఆ నమ్మకం నాలో ఎందుకు పుట్టిందో తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

కొత్తూరులో, బెంగుళూరు రోడ్డు మీది ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసేవాణ్ని. 2017 అక్టోబరులో సిరో మలబార్ సంఘానికి శంషాబాద్ పేరుతో కొత్త మేత్రాసనం ఏర్పడింది. మాతో పనిచేసే మలయాళీ ఒకాయన ఆ వార్త సంబరంగా చెప్పాడు. క్రీ.శ. 52లో తోమా అపొస్తలుడే కొడుంగల్లూరులో దిగి తమ పూర్వీకులకు బాప్తిస్మం ఇచ్చాడన్నాడు. ఆ మాట మీదే, ఏ దురుద్దేశమూ లేకుండా, "మీవాళ్లు ఎప్పుడు క్రైస్తవంలో కలిశారు సార్?" అని అడిగాడు.

నాకు జవాబు తెలుసు. మా నాయనమ్మ చిన్నప్పుడు మెదక్ గుడి కట్టే చోట రాళ్లు మోసింది. కరువు కాలంలో మిషనరీ పోస్నెట్ దొర పని పెట్టి తిండి పెట్టిన గుడి అది. పదేళ్లు కట్టి 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించారు. "గంజి కోసమే పొయినం బిడ్డా. గంజి అయిపోయినంక గూడ ఉన్నం" అనేది నాయనమ్మ. బడిలో నన్ను బియ్యానికి కలిసినోడని ఏడిపించేవాళ్లు. అందుకని నలుగురిలో ఆ మాట అనొద్దని ఆమెను కసిరాను కూడా. ఆ రోజు మలయాళీ మిత్రుడి ముందు ఏమీ చెప్పకుండా మాట మార్చేశాను.

తర్వాత పుస్తకాల మీద పడ్డాను. తోమా రాక సంప్రదాయమే అయినా, కేరళ క్రైస్తవుల పాతదనానికి చేతికందే రుజువులున్నాయి. ఆరో శతాబ్దంలో కాస్మాస్ అనే గ్రీకు వర్తకుడు మలబారు తీరంలో క్రైస్తవులున్నారని రాశాడు. 849లో కొల్లంలోని ఒక చర్చికి హక్కులిస్తూ చెక్కిన రాగి రేకుల మీద అరబిక్, పహ్లవి, హీబ్రూ లిపుల్లో సాక్షి సంతకాలున్నాయి. అవి చూసి సంతోషించాల్సింది పోయి అసూయపడ్డాను. మాకూ ఒక రేకు, ఒక రాయి కావాలనిపించింది.

రాయి దొరికింది. గోదావరి అడవుల్లో కాటాపూర్, మల్లూరు దగ్గర పాత సమాధుల పక్కన నిలువెత్తు రాతి సిలువలున్నాయని 1860ల్లో ముల్హెరన్ అనే సర్వే అధికారి నమోదు చేశాడు. 1872లో జేమ్స్ ఫెర్గుసన్ తన పుస్తకంలో వాటి బొమ్మ వేసి, అవి క్రైస్తవులు నిలిపినవేనని వాదించాడు. ఆ పేజీ చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. కాకతీయులకంటే ముందే మనవాళ్లు ఇక్కడున్నారని ఆదివారం సంఘంలో చెప్పాను. ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

ఫెర్గుసన్ పెద్ద పండితుడే. కాని అలాంటి మొరటు రాతి కట్టడాలు చాలావరకు క్రీస్తు తర్వాతివేనని ఆయన ముందే తీర్మానించుకున్నాడు. ఆ పునాదినే తర్వాతి పురావస్తు పరిశోధన తోసేసింది. అవి ఇనుపయుగపు సమాధులు. తాడ్వాయి దగ్గర దామరవాయిలో జనం రాక్షసగుళ్లు అనే కట్టడాలూ ఆ కోవలోవే. సిలువలనుకున్నవి మనిషి రూపాలు. పైకొస తల, అడ్డంగా ఉన్నవి చేతులు. కొన్నిటికి స్త్రీ రొమ్ములు కూడా చెక్కి ఉన్నాయి. ఎవరో తమ చచ్చిపోయినవాళ్ల కోసం నిలిపిన బొమ్మల్ని నేను లాక్కుని నా పూర్వీకుల ఖాతాలో రాసుకున్నాను.

మార్కో పోలోను చదివి ఉన్నా జాగ్రత్తపడేవాణ్ని. పదమూడో శతాబ్దం చివర దక్షిణ భారత తీరాల గురించి రాస్తూ, మైలాపూరు దగ్గరి తోమా సమాధి గురించి వివరంగా చెప్పాడు. తెలుగు తీరంలోని మోటుపల్లి వంతు వచ్చేసరికి రాణి పాలన, వజ్రాలు, సన్నని వస్త్రాలు తప్ప క్రైస్తవుల ఊసే లేదు. వెళ్లిన చోటల్లా క్రైస్తవుల లెక్క చెప్పే మనిషి ఆయన.

నన్ను అంతకంటే కదిలించినవి రోము సామ్రాజ్యపు మాటలు. సుమారు 112లో ప్లినీ అనే గవర్నరు చక్రవర్తి ట్రాజన్‌కు ఉత్తరం రాస్తూ, క్రైస్తవుల సంగతి రాబట్టడానికి ఇద్దరు బానిస స్త్రీలను చిత్రహింస పెట్టించానన్నాడు. ఆ ఇద్దరూ తమ సంఘంలో పరిచారకులు. అదే శతాబ్దంలో సెల్సస్ అనే తత్వవేత్త ఈ మతాన్ని ఎగతాళి చేస్తూ, ఉన్ని పనివాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు ఆడవాళ్లనూ పిల్లలనూ చేరదీస్తున్నారన్నాడు. కొరింథులోని సంఘానికి పౌలు రాసిందీ అదే: మీలో గొప్ప వంశంవాళ్లు ఎక్కువమంది లేరని. రెండు వేల ఏళ్ల కిందటి సంఘంలో నా నాయనమ్మలాంటి వాళ్లే ఉన్నారు. ఆమెను దాచిపెట్టి, అడవిలో రాళ్లకు మొక్కడానికి బయలుదేరాను. మాల మాదిగ పల్లెల నుంచి వచ్చిన మనకు ఇంకెవరి వంశవృక్షంలోనో కొమ్మ కావాలన్న ఆశ ఉంది చూడండి, అది మనల్ని వెలివేసినవాళ్ల దగ్గర నేర్చుకున్న ఆశ.

తప్పు దిద్దుకుంటూ సంఘంలో మళ్లీ మాట్లాడాను. చాలామంది విన్నారు. ఒక పెద్దాయన మాత్రం లేచి, "మొన్న ఉందన్నవు, ఇప్పుడు లేదంటవు, మా మనవళ్లకు ఏం చెప్పాలె?" అన్నాడు. ఆయన మనవళ్లు ఆ సిలువ రాళ్ల బొమ్మ సండే స్కూలు గోడకు అంటించారు. నేను ఇచ్చిన బొమ్మే. ఇప్పుడు ఆదివారాలు ఆ పిల్లలతో కూర్చుని, మీ తాతలు ఎవరి చేత, ఏ వాగు దగ్గర బాప్తిస్మం తీసుకున్నారో ఇంట్లో అడిగి రాసుకు రమ్మంటున్నాను. మొదటి పేజీలో గంజి సంగతి నేనే రాశాను, నాయనమ్మ పేరుతో సహా.