నిజం చెప్పేవారికి తలకిందుల సలహాలు

ఎవరి తప్పయినా చెప్పాల్సి వస్తే ముందు రెండు మంచి మాటలు అనండి, నడుమ అసలు సంగతి చెప్పండి, మళ్ళీ పొగిడి ముగించండి అంటారు పెద్దలు. దయచేసి అలా చెయ్యకండి. రేపు మీరు మనస్ఫూర్తిగా "అక్కా, పూజలో పాట బాగా పాడావు" అన్నా ఆవిడ "ఇంతకీ సంగతేమిటో" అనే అనుకుంటుంది. మెచ్చుకోలును మెచ్చుకోలుగానే ఉంచండి. తప్పు చెప్పేదుంటే అదొక్కటే రెండు ముక్కల్లో చెప్పండి.

"నేరుగా అనలేకపోతే ప్రార్థనలో పెట్టు" అనే సలహా ఇంకా ప్రమాదం. ఇంట్లో జపమాల ముగిసింది, ఎవరి విన్నపాలు వారు పైకి చెబుతున్నారు. అత్తగారు కళ్ళు మూసుకుని, "ఈ ఇంటి కోడళ్ళకు పెద్దల మాట వినే మనసివ్వండి ప్రభువా" అంటారు. కోడలు తల వంచుకుని అందరితోపాటు "ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి" అనాలి. ఆ అమ్మాయి బదులు చెప్పే దారేది? మాటకు దేవుణ్ణి అడ్డం పెట్టేశారు కదా! మత్తయి సువార్త 18వ అధ్యాయంలో యేసు చూపిన మొదటి మెట్టు, ఇద్దరే ఉన్నప్పుడు వెళ్ళి చెప్పడం. ప్రార్థన అంతకు ముందు ఒంటరిగా చేసుకోండి, మీ నోటి కోసం చేసుకోండి.

"నీ మీదకు రాకుండా చూసుకుని చెప్పు" అంటారు. నేను దానికి సరిగ్గా ఎదురు చెబుతాను: మీ మీదకు వచ్చే అవకాశం ఏమాత్రం లేని నిజం చెప్పడానికి తొందరపడకండి. ఫ్రాన్సులో లిసియు కార్మెల్ మఠంలో పునీత చిన్న తెరేజమ్మ చేసిన పని చూడండి. తోటి నవశిష్యురాలు ఒకామె ఈమెకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. ఆమెకు మఠాధ్యక్షురాలి మీద మితిమీరిన మమకారం. తెరేజమ్మ ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి, నువ్వు ప్రేమిస్తున్నది మదర్‌ను కాదు, నిన్నే అని చెప్పింది. అంతటితో ఆగలేదు. నీ కన్నీళ్ళు చూసి ఎవరు బాధపెట్టారని మదర్ అడిగితే నా పేరు చెప్పు, నన్ను మఠం నుంచి పంపేసినా సరే అన్నదని ఆ తోటి సోదరి తర్వాత గుర్తుచేసుకుంది. ఈ మందలింపు సంగతి తెరేజమ్మ 1897లో, చనిపోయిన ఏడాదే, తన చివరి నోటుపుస్తకంలో రాసుకుంది. ఒకరిని మందలించడం కంటే తాను మందలింపులు పడటమే వెయ్యి రెట్లు ఇష్టమని కూడా అందులోనే రాసింది. "నా పేరు చెప్పు" అన్న ఆ మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. "నేనన్నానని అనకు వదినా" అంటూ మనం మొదలుపెట్టే నిజాల్లో ఎన్ని ఆ మాట ముందు నిలుస్తాయి? పేరు బయటపడకూడదు అనిపిస్తే నోరు తెరవకండి.

పసిపిల్లల భద్రత, కొట్టడం, సంఘం డబ్బు మాయం కావడం లాంటివాటికి ఈ సలహాలు వర్తించవు. అక్కడ ఒంటరిగా వెళ్ళి బతిమాలవద్దు. పై అధికారులకు, అవసరమైతే పోలీసులకు చెప్పండి.

"నిజమైతే చెప్పి తీరాలి" అనీ అనుకోకండి. సోదర మందలింపు గురించి విస్తారంగా రాసిన పునీత తోమా అక్వినాసే, చెబితే ఆ మనిషి ఇంకా చెడిపోతాడని తోస్తే మానుకోవచ్చు అన్నాడు. అంతియొకయలో పౌలు పేతురును అందరి ముందూ నిలదీశాడు కదా అని కొందరు సభలో లేస్తారు. పేతురు పదిమంది ఎదుట చేసిన పని మిగతావారినీ తనవెంట లాక్కెళ్ళింది, అందుకే అక్కడ పదిమందిలో చెప్పాల్సి వచ్చింది. మీ తోడికోడలి పిసినారితనం అలాంటిది కాదు.

చెప్పాక "కోపమొచ్చిందా? నన్ను క్షమించావా?" అని వెంటపడకండి. ఆ ఓదార్పు మీకే కావలసింది. దెబ్బ తిన్న మనిషి చేత చేయించుకోవద్దు. ఆవిడ ఒక వారం మాట్లాడకపోతే మాట్లాడకపోనివ్వండి. వచ్చే ఆదివారం పూజ అయ్యాక గుడి మెట్ల దగ్గర మీరే ముందు పలకరించి పిల్లల పరీక్షల సంగతి అడగండి. ఆ విషయం మాత్రం మళ్ళీ ఎత్తకండి.