నేను, వెర్షన్ల ఫైలుని

మామూలు టెక్స్ట్ ఫైలుని నేను. ఆబిడ్స్‌లో ఒక పరిశోధనశాల సర్వర్‌లో ఉంటాను. పట్టుపురుగు డీఎన్‌ఏలో వరసగా మళ్లీ మళ్లీ వచ్చే చిన్న ముక్కల్ని, అంటే మైక్రోశాటిలైట్లని, వెతికిపెట్టే వెబ్ అప్లికేషన్ మాది. అపాచీ, పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్, ప్రైమర్3 - వీటిలో ఏది ఏ వెర్షన్ అయితే మిగతావాటితో పొసగుతుందో నాలో రాస్తారు.

ఈ దారి ముందే వేసినవాళ్లు మా హైదరాబాద్‌లోనే ఉండేవాళ్లు. డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ నాచారంలో ఉన్న రోజుల్లో అక్కడి శాస్త్రవేత్తలు పట్టుపురుగు మైక్రోశాటిలైట్ల డేటాబేస్ సిల్క్‌శాట్‌డీబీ కట్టారు. 2005లో దాని గురించి పేపరు వెలువడింది. అదీ పీహెచ్‌పీలో రాసిందే, ప్రైమర్లు రూపొందించే ప్రోగ్రాం కూడా జతచేశారు. 2007లో ఇన్‌శాట్‌డీబీ: పండ్ల ఈగ, తేనెటీగ, మలేరియా దోమ, పిండిపురుగు, పట్టుపురుగు, ఐదింటి జీనోములూ ఒకేచోట. సంస్థ తర్వాత ఉప్పల్‌కి వెళ్లిపోయింది. కొత్తగా చేరినవాళ్లకి మా మేడం ముందు ఈ కథే చెబుతారు. చెప్పాలి కూడా.

కొన్ని భాగాలు పొసగకపోతే వెంటనే తెలిసిపోతుంది. పాత mysql ఫంక్షన్లు వద్దని పీహెచ్‌పీ 2013లోనే హెచ్చరించింది, 2015లో 7.0 రాగానే తీసేసింది. మైఎస్‌క్యూఎల్ 8.0 పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతి మార్చింది, పాత పీహెచ్‌పీ లాగిన్ కాలేకపోయింది. పేజీ ఆగిపోతుంది, లాగ్‌లో కారణం ఉంటుంది, సరిచేస్తారు.

నా బెంగంతా ప్రైమర్లు రూపొందించే ప్రైమర్3 గురించే. డీఎన్‌ఏ ముక్కకి నకళ్లు తీసే పీసీఆర్‌లో, ప్రైమర్ అనే చిన్న డీఎన్‌ఏ ముక్క అతుక్కోవడానికి ఎంత వేడి పెట్టాలో ఆ ప్రైమర్ కరిగే ఉష్ణోగ్రతను బట్టి నిర్ణయిస్తారు. ప్రైమర్3 మొదట్లో ఆ లెక్కను 1986 నాటి బ్రెస్లావర్ పట్టికతో కట్టేది. తర్వాత 1998 నాటి శాంటాలూసియా పట్టిక వచ్చింది. మెరుగైంది అదే. సెట్టింగ్‌లో 0 అంటే పాతది, 1 అంటే కొత్తది. ఆ ఒక్క అంకె మారితే, అవే ఇరవై అక్షరాల ప్రైమర్‌కి ఉష్ణోగ్రత వేరుగా వస్తుంది. ఎర్రర్ రాదు. పేజీ చక్కగా తెరుచుకుంటుంది. ఎక్కడో ఒక విద్యార్థి ఆ అంకెని నమ్మి మెషీన్‌లో ట్యూబులు పెడతాడు.

"మేడం, అన్నీ ఒకేసారి అప్‌డేట్ కొట్టేస్తే అయిపోతది గదా?" అన్నాడు మొన్న చేరిన అబ్బాయి.

"ఆగు నాయనా. ఒక్కటే మార్చు. మార్చినంక పాత ప్రైమర్లు మళ్ల నడిపించి చూడు. ఎందుకు మార్చినవో ఫైల్లో రాయి."

రాశాడు. వెర్షన్ పక్కన కారణం ఉంటేనే నేను పనికొస్తాను. వట్టి అంకె చూసి తర్వాత వచ్చినవాళ్లు ఏం తెలుసుకుంటారు?

ఇప్పుడు కొత్త సర్వర్‌కి మారుతున్నాం. పాత వెర్షన్లకి భద్రతా సవరణలు ఆగిపోయాయి, మారక తప్పదు. ల్యాబ్‌లో నిజంగా పనిచేసిన ప్రైమర్ల జాబితాని రెండు సర్వర్ల మీదా నడిపిస్తున్నారు. తేడా వచ్చిన వరసల్ని ఆ అబ్బాయే విడిగా రాస్తున్నాడు. అవన్నీ తేలేదాకా పాతదాన్ని ఆపొద్దని మేడం చెప్పారు.