సాధ్యవ్యాధిని సహింపని వైద్యుడు

సులభసాధ్యమైన వ్యాధిని చూడగానే మొగము చిట్లించుకొను వైద్యుడు లోకమున నుండునా యని మీరు సందేహింపవచ్చును. ఉండును, కామారెడ్డిలో నున్నాడు. అరచేతియంత బోర్డుమీద లినక్సు నడుపువారున్న ప్రతి యూరను ఒక్కడైన నుండకపోడు. 2012 ఫిబ్రవరి 29వ తేదీన రాస్ప్‌బెర్రీ పై యను అట్టి బోర్డు విపణిలోనికి వచ్చినది మొదలు ఈ జాతి వర్ధిల్లుచున్నది. 2016లో కామారెడ్డి జిల్లా కేంద్రమై, కచేరీలతోపాటు ప్రింటర్లును పెరుగుటచే, వానిలో చిక్కిన కాగితములు లాగుట ఇతని జీవనోపాధి. లేవని బోర్డులను లేపుట ఇతని జీవితము.

ఇతని దుకాణమునకు ఎల్లారెడ్డినుండి, లింగంపేట తాడ్వాయిల మీదుగా బస్సులో ఊగిసలాడుచు, ప్రాజెక్టు చూపవలసిన గడువు రేపనగా, డిప్లొమా కుర్రవాడొకడు పై 3 బోర్డును టిఫిన్ డబ్బాలో పెట్టుకొని వచ్చును.

"అన్నా, ఎర్ర లైటు మండుకుంట ఆరుకుంట ఉన్నది. తెర మీద ఏడు రంగులొచ్చి ఆడనే ఆగుతున్నది" అనును.

వేరొకడైనచో "ఛార్జరు ఏది తమ్మీ?" యని యడిగి యుండును. ఇతడడుగడు. కనులరమోడ్చి, "కెర్నెల్ ప్యానిక్ అయినట్టున్నది" అని, కుర్రవాని మొగమున నెత్తురుచుక్క లేకుండ జేసి, అటుపిమ్మట సావధానముగా చికిత్సకు దిగును.

ఇతని విద్య అల్పమైనది కాదు, ఆ మాట ఒప్పుకొనవలసినదే. ఇట్టి బోర్డులో విద్యుత్తు సోకగానే ముందు మేల్కొనునది ప్రధాన ప్రాసెసరు కాదనియు, బొమ్మలు చూపు జీపీయూయే తొలుత లేచి, ఎస్‌డీ కార్డులోని ఫ్యాట్ విభాగమున బూట్‌కోడ్‌ను, దానివెంట స్టార్ట్.ఎల్ఫ్‌ను వెదకి చదివి, పిమ్మట కెర్నెలును లేపుననియు, ఆకుపచ్చ దీపము నాలుగుమారులు మినుకుమన్నచో స్టార్ట్.ఎల్ఫ్ కానరానట్లనియు, ఏడుమారులైనచో కెర్నెలే కానరానట్లనియు ఇతడు నిద్రలో లేపి యడిగినను చెప్పగలడు. చెప్పుటయే కాదు, 6, 8, 10 పిన్నులకు సీరియల్ తీగలు తగిలించి, సెకనుకు 115200 బిట్ల వేగమున వచ్చు అక్షరములకై ల్యాప్‌టాపు ముందు తపస్సు చేయును. ఆ తీగలలో 3.3 వోల్టులకు మారుగా 5 వోల్టులు పారినచో బోర్డు పరమపదించునని మాత్రము, తీగలన్నియు తగిలించిన తరువాత చెప్పును. కుర్రవాడప్పటికి రెండవ చాయ త్రాగుచుండును. వాని చేయి వణకును.

అక్షరములు సగము వచ్చి నిలిచిపోవును. అంతట వైద్యుడు కార్డును సమూలముగా తుడిచి క్రొత్తగా వ్రాయును. "నా ప్రోగ్రామన్నా?" అని కుర్రవాడు గొల్లుమనగా, "అది పోతే పోయింది తమ్మీ, కార్డైతే శుద్ధమైంది" అని ఓదార్చును. బోర్డు మాత్రము లేవదు. ఇతని కన్నులలో అపుడు మెరయు ఆనందము వర్ణనాతీతము. వ్యాధి ముదిరినది!

ఇంతలో ప్రక్కనున్న మొబైల్ దుకాణదారుడు తొంగిచూచి, "గది ఫోను ఛార్జరు గద భాయ్, గింత సన్న వైరుకు ఏం లేస్తది?" అని తన యొద్దనున్న లావు ఛార్జరును గ్రుచ్చును. బోర్డు లేచి కూర్చుండును. పై 3కు 5 వోల్టుల వద్ద 2.5 ఆంపియర్లు కావలెను. సన్నతీగలో వోల్టేజి 4.63కు దిగజారినచో ఎర్రదీపమారును. రోగి తన తొలిపలుకుననే రోగనిదానమును చెప్పియుండెను, వైద్యుడే వినలేదు.

ఇతడు సంతసించెనా? లేదు. ఛార్జరు వంక అసహ్యముగా చూచి, "ఇది పైపై మందు. అసలుది లోపల్నే ఉన్నది, మళ్ల వస్తవు చూడు" అని సీరియల్ తీగలను చుట్టి దాచుకొనును. డబ్బులు మాత్రము పుచ్చుకొనడు. ఛార్జరు కుదిర్చిన వైద్యమునకు రుసుము గ్రహించుట తన శాస్త్రమునకు అవమానమని ఇతని నిశ్చయము.

కావున ఎల్లారెడ్డి బస్సెక్కు తమ్ములారా, బోర్డుతోపాటు లావు తీగ గల మంచి ఛార్జరును తెచ్చుకొనుడు. కార్డునకు నకలు తీసి ఇంట దాచి మరీ బయలుదేరుడు. ఆయన అలుగును. అలుగనిండు.