జ్ఞానం ఎన్ని గ్రాములండీ?

2025 మే 1 నుంచి మన దేశంలో జ్ఞానం చవకైంది. 300 గ్రాముల జ్ఞానం 20 రూపాయలకే ఎక్కడికైనా వెళుతుంది. 5 కిలోలైతే 100 రూపాయలు. పన్నులు వేరే. అంతకు మించి జ్ఞానం ఉన్నవాళ్లు రెండు కట్టలు కట్టుకోవాలి. తపాలా శాఖ వారు ఈ పథకానికి ‘జ్ఞాన్ పోస్ట్’ అని నామకరణం చేశారు. మంత్రిగారు ప్రకటించారు, పత్రికలు ఫొటోతో వేశాయి, మీరూ చదివే ఉంటారు.

రేటు మీద నాకు పెద్ద పేచీ లేదు. 2024 డిసెంబర్ 18న ‘రిజిస్టర్డ్ ప్రింటెడ్ బుక్స్’ అనే పద్దు తపాలా కంప్యూటర్లలోంచి మాయమైంది. ముందుగా ఒక నోటీసు లేదు, ఒక ముక్క చెప్పింది లేదు. పుస్తకాల కట్ట పట్టుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లినవాళ్లకి ‘ఆ ఆప్షన్ రావట్లేదండీ’ అన్న మాటే గెజిట్ అయింది. నిన్నటిదాకా 80 రూపాయలకు పోయిన 5 కిలోల కట్ట తెల్లారేసరికి 229 రూపాయల పార్శిల్ అయి కూర్చుంది. ప్రచురణకర్తలు నాలుగు నెలలు మొత్తుకున్నారు. చివరికి ఆ 80 కాస్తా 100 అయి, కొత్త పేరు పెట్టుకుని తిరిగొచ్చింది. మన గేదెనే తోలుకుపోయి, ఇరవై రూపాయలు ఎక్కువ పుచ్చుకుని, మెళ్లో దండ వేసి మనకే దానం చేశారు. సరే, గేదె ఇంటికొచ్చింది కదా అనుకుందామంటే, ఈసారి దాని మెళ్లో దండతో పాటు షరతుల చిట్టా ఒకటి వేలాడుతోంది.

ఆ చిట్టా ఇదీ. పంపేది విద్యా సంబంధమైనదో, సామాజికమో, సాంస్కృతికమో, మత సంబంధమైనదో అయి ఉండాలి. వ్యాపార స్వభావం ఉండకూడదు. నియతకాలికం కాకూడదు. ప్రకటనలు ఉండకూడదు. ప్రచురణకర్త వేసుకునే పుస్తకాల జాబితా లాంటివైతే ఫర్వాలేదు. ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో ఉండి తీరాలి.

ఇవన్నీ తేల్చేదెవరు? కౌంటర్లో కూర్చున్న పోస్టల్ అసిస్టెంట్. పాపం ఆయన పొద్దున్నుంచీ ఆధార్ మార్పులు, ఆర్డీ పాసుపుస్తకాలు, సుకన్య సమృద్ధి ఖాతాలు, స్పీడ్ పోస్టు రసీదులు చూసుకుంటూ, నడుమ నడుమ సర్వర్ పడిపోతే జనం చేత మాటలు పడుతూ ఉన్నాడు. ఇప్పుడాయన నెత్తిన సాహిత్య విమర్శ కూడా పెట్టారు.

పెట్టినవాళ్లు సగంలో ఆగిపోయారనే నా బాధ. పనిలోకి దిగాక పూర్తిగా దిగాలి. ప్రతి డిపార్ట్‌మెంటల్ పోస్టాఫీసులోనూ ఒక ‘జ్ఞాన నిర్ధారణ కౌంటర్’ తెరవాలి. అక్కడ రెండు తూనికలు ఉండాలి. ఒకటి బరువుకి, రెండోది సారానికి. అసిస్టెంట్ల పరీక్షలో అంకగణితం తీసేసి అలంకార శాస్త్రం పెట్టాలి. వెనకటికి ప్రౌఢదేవరాయల కొలువులో శ్రీనాథుడు డిండిమభట్టును ఓడించి ఆయన కంచుఢక్క పగలగొట్టించాడట. మన కౌంటర్లో అంత చప్పుడక్కర్లేదు. ఓడిన పుస్తకం మీద ఒక రబ్బరు స్టాంపు చాలు: ‘పరీక్షించడమైనది. జ్ఞానము లేదు. పార్శిల్‌గా పంపవలెను.’

అలాంటి కౌంటర్ ఒకటి తెరిచారనే అనుకుందాం. మొదటి రోజు, మొదటి కట్ట.

‘ఏంటండీ మాస్టారూ ఇది?’

‘కన్యాశుల్కం అండీ. గురజాడ వారిది.’

‘విద్యా, సామాజికమా, సాంస్కృతికమా, మతమా?’

‘సామాజికమేనండీ. ఆడపిల్లల్ని ముసలాళ్లకి అమ్ముకునే దురాచారం మీద రాశారు.’

‘అమ్ముకోవడమా? అయితే వ్యాపార స్వభావం ఉందన్నమాట.’

‘అది కథలోనండీ. ఆయన దాన్ని తిట్టారు.’

‘సరే. వెనక అట్ట మీద ధర ఉందేంటి?’

‘పుస్తకం కదండీ, ధర ఉంటుంది.’

‘ధర ఉంటే మీరు అమ్ముతున్నట్టేగా? వ్యాపార స్వభావం ఉండకూడదని రూలండీ.’

‘ఊరికే పంచితే నేను తినేదేంటండీ?’

‘తినడం కూడా అందులోకే వస్తుందేమో, పై ఆఫీసుకి రాసి కనుక్కోవాలి.’

రెండో కట్ట మహాప్రస్థానం. అందులో ఒక గేయం బడి పుస్తకంలో ఉందని తెచ్చినవాడు నిరూపించాడు. పాఠ్యాంశమైతే విద్యే కాబట్టి ఆ పేజీ వరకు జ్ఞానమని ఒప్పుకున్నారు. తక్కిన పేజీల మాట ఏమిటన్నది తేలలేదు. ఆ ఒక్క కాగితమూ చింపి ఇస్తే 20 రూపాయలకు పంపిస్తామన్నారు, మిగతాది పార్శిల్. చలం ‘మైదానం’ తెచ్చిన కుర్రాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టారు. నిర్ధారణ నిమిత్తం పోస్టుమాస్టరు గారే స్వయంగా ఇంటికి పట్టుకెళ్లారు. రెండోసారి నిర్ధారిస్తున్నారని తెలిసింది. వేమన దగ్గర కొంత రభస అయింది. విగ్రహాలనీ గుళ్లనీ వెక్కిరించినవాడి పద్యాలు మత గ్రంథమెలా అవుతాయని ఒకరు, మతాన్ని గురించే కదా వెక్కిరించాడు అని ఇంకొకరు. ‘తులసిదళం’లో క్షుద్రపూజలున్నాయి కనుక మతం కిందికి తోసేయమని వెనక వరసలోంచి ఎవరో సలహా ఇచ్చారు. ‘బుడుగు’లో ఎంత వెతికినా ఏ జ్ఞానమూ దొరకలేదు. కానీ వెతికినవాళ్లు నవ్వు ఆపుకోలేక ఆ పూట కౌంటర్ మూసేశారు.

గ్రూప్-2 బిట్ బ్యాంకును మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. అట్ట చూడగానే స్టాంపు గుద్దేశారు.

అసలు చిక్కంతా పంచాంగం తెచ్చిపెట్టింది. జ్ఞానం సంగతి చూస్తే దానికి ఎదురు లేదు. తిథి వార నక్షత్రాలున్నాయి కాబట్టి విద్య. పండగలున్నాయి కాబట్టి సంస్కృతి. ఏకాదశులున్నాయి కాబట్టి మతం. పెళ్లి ముహూర్తాలున్నాయి కాబట్టి సమాజం కూడా ఉంది. నాలుగు గడులూ ఒక్క దెబ్బతో నిండాయి. అసిస్టెంట్ గారు స్టాంపు ఎత్తారు కూడా. అప్పుడు పక్క కుర్చీ ఆవిడ అంది, ‘ఇది ఏటా ఉగాదికి వస్తుంది కదండీ, నియతకాలికం కాదూ?’ ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది. తిరగేసి చూస్తే వెనక అట్ట నిండా బంగారు కొట్టు ప్రకటన. ఈ ఏడాది తపాలా వారి లెక్కలో పంచాంగానికి రాజపూజ్యం 1, అవమానం 7.

ప్రకటన అనగానే గుర్తొచ్చింది. 2002లో ఇదే శాఖ ‘మేఘదూత్’ కార్డు తెచ్చింది. మామూలు కార్డు అర్ధరూపాయి. చిరునామా పక్కన ఎవరిదో ప్రకటన అచ్చేసినందుకు మేఘదూత్ పావలాకే ఇచ్చారు. అంటే ప్రకటన ఉన్నందుకు రాయితీ. ఇప్పుడు పుస్తకంలో ప్రకటన ఉంటే రాయితీ రద్దు. చిరునామా కూడా లేని కరపత్రాలను ఇంటింటికీ పంచిపెట్టే ‘డైరెక్ట్ పోస్ట్’ అనే సేవ సైతం వీళ్ల దగ్గరే ఉంది. డిస్కౌంట్ సేల్ కాగితం మోసినప్పుడు పోస్ట్‌మ్యాన్ సంచికి అంటని మైల, కవితా సంపుటి చివరి పేజీలో ఊళ్లో మందుల కొట్టువాడు అభిమానంతో ఇచ్చిన చిన్న ప్రకటనతో ఎందుకు అంటుకుంటుందో నాకర్థం కాదు.

నియతకాలికం దగ్గరికొద్దాం. కందుకూరి వీరేశలింగం గారు 1878లో ‘రాజశేఖర చరిత్రము’ను ముందు తన ‘వివేకవర్ధని’ పత్రికలో ధారావాహికగా వేశారు. 1880లో పుస్తకంగా తెచ్చారు. ఈ లెక్కన పత్రికలో ఉన్న రెండేళ్లూ అది అజ్ఞానం, అట్ట వేయగానే జ్ఞానం. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1924లో మద్రాసులో ‘భారతి’ మొదలుపెట్టారు. 1991 దాకా అది నడిచింది. శాసనాలు, ఛందస్సు, చరిత్ర, భాషాశాస్త్రం, ఒకటేమిటి! ఇవాళ తెలుగులో పరిశోధన చేసే ఎవరైనా ఆ పాత సంచికలు తిరగెయ్యకుండా అడుగు ముందుకెయ్యలేరు. అటువంటి భారతి మన కౌంటర్లో రెండుసార్లు ఫెయిలవుతుంది. నెలనెలా రావడం మొదటి నేరం. అమృతాంజనం అమ్మిన డబ్బుతో పుట్టడం రెండోది. సురవరం ప్రతాపరెడ్డి గారి ‘గోలకొండ పత్రిక’కూ ఇదే గతి. గిడుగు వారు వ్యావహారిక భాష కోసం 1919లో నడిపిన మాసపత్రిక పేరే ‘తెలుగు’. దాన్నీ పక్కన పెట్టాల్సిందే. అందులో ఉన్నది తెలుగే గానీ, నెలకోసారి ఉంది.

వార్తాపత్రికలకు వేరే రాయితీ ఉంది కదా అని శాఖవారు అంటారు. ఉంది. రిజిస్టరైన పత్రిక 50 గ్రాముల లోపు పావలాకే వెళ్లే ఏర్పాటు ఏళ్ల తరబడి ఉన్నదే. కానీ 1898 నాటి తపాలా చట్టం నేర్పిన లెక్క ప్రకారం పత్రిక అంటే 31 రోజులు దాటకుండా వచ్చేది. మూడు నెలలకోసారి వచ్చే సాహిత్య పత్రిక ఆ గుమ్మం దగ్గరికి వెళితే ‘మీరు మరీ ఆలస్యంగా వస్తారండీ’ అంటారు. ఈ గుమ్మం దగ్గరికొస్తే ‘మీరు మరీ క్రమం తప్పకుండా వస్తారండీ’ అంటారు. క్రమం తప్పకుండా రావడం ఏమిటో మన చిన్న పత్రికల సంపాదకులనడగాలి. ఆ ఆరోపణ వినడానికైనా నోచుకున్నందుకు కొందరు కళ్లు తుడుచుకుంటారు.

ఆ సంపాదకులెవరో నాకు తెలుసు, మీకూ తెలుసు. రిటైరైన తెలుగు మాస్టారు. ముందు గదిలో మంచం నిలబెట్టేసి, నేల మీద పాత పేపర్లు పరిచి, సంచికలు మడిచి, మైదా జిగురుతో రేపర్లు అంటించి, చిరునామాలు చేత్తో రాస్తారు. పిన్‌కోడ్ తప్పితే వెనక్కొస్తుందని ఆరు అంకెలనీ గట్టిగా నొక్కి రాస్తారు. ఇంటావిడ పురికొస అందిస్తూ ‘ఈ ఏడాదితో ఆపెయ్యండి’ అంటుంది, ప్రతి ఏడాదీ అంటుంది. పత్రిక వెలకన్నా పంపే ఖర్చు పెరిగిన నాడు ఆవిడ మాటే చెల్లుతుంది. పాఠకులు లేక ఆగిపోయిన పత్రికలకన్నా, పాఠకులుండి కూడా తపాలా ఖర్చుకి తూగలేక ఆగిపోయే పత్రిక చూడటం ఎక్కువ బాధ. పట్నంలో ఉన్నవాడికి పుస్తకాల కొట్టుంది, కొరియరుంది. మండలానికి అవతల ఊళ్లో, వీధరుగు మీద కూర్చుని పోస్ట్‌మ్యాన్ సైకిలు కోసం చూసే పాఠకుడికి ఏముంది? అలాంటి ఊళ్లోంచి పుస్తకం పంపేవాడి సంగతీ అంతే. ఈ సేవ డిపార్ట్‌మెంటల్ పోస్టాఫీసులన్నిటా దొరుకుతుందని ప్రకటన. దేశంలోని 1.64 లక్షల పైచిలుకు పోస్టాఫీసుల్లో అవి సుమారు 25 వేలు. పల్లెల్లో ఉన్న బ్రాంచి పోస్టాఫీసులు దగ్గర దగ్గర లక్షా నలభై వేలు. వాటి పేరు ఆ ప్రకటనలో లేదు. డాక్ సేవ జన సేవ అని గోడ మీద మాత్రం అక్కడ కూడా రాసి ఉంటుంది.

ఇదే కౌంటర్ మీదుగా రోజూ బ్యాంకుల కవర్లు బస్తాలకొద్దీ పోతాయి. క్రెడిట్ కార్డులు, చెక్కుబుక్కులు, బీమా కంపెనీల ఊరింపు ఉత్తరాలు. వాటికి కాంట్రాక్టులున్నాయి, ముందు పంపి తర్వాత డబ్బు కట్టే సదుపాయముంది, నెలకింత వ్యాపారమిస్తే ఇంత తగ్గింపు అన్న పట్టిక ఉంది. తప్పని నేననడం లేదు. ఎక్కువ సరుకు ఇచ్చినవాడికి తగ్గించడం లోకరీతి. కానీ ఆ బస్తాలు విప్పి ఇది విద్యా, ఇది సంస్కృతా, ఇందులో వ్యాపార స్వభావం ఉందా అని అడిగిన మగాడు ఆ శాఖలో ఇంతవరకు పుట్టలేదు. వ్యాపారం తప్ప ఇంకేమీ లేని కవరుకి ఏ షరతూ లేకుండా తగ్గింపు. అరవై పేజీల కవిత్వానికి మాత్రం విచారణ! తన పెన్షన్‌లోంచి పత్రిక వేసుకునే ముసలాయన నిలబడి నిరూపించుకోవాలి, అయ్యా ఇందులో జ్ఞానముంది, నేను వ్యాపారిని కాను, నా పత్రిక క్రమం తప్పకుండా రాదు అని. ఎవరికి నిరూపించాలి? ఏది జ్ఞానమో తేల్చే పని తపాలా శాఖకి ఎవరు అప్పజెప్పారు? దేశభద్రత పేరు చెప్పి కవర్లు విప్పే అధికారం 2023 తపాలా చట్టంలో ఎలాగూ రాసుకున్నారు. రాయితీ పేరు చెప్పి కూడా లోపలికి తొంగి చూడాలా? ఒక సేవను చెప్పాపెట్టకుండా కంప్యూటర్లోంచి తుడిచేసినందుకు ఇంతవరకు ఒక్కరు కూడా ‘పొరపాటైంది’ అనలేదు. పైగా దాన్నే మళ్లీ ఇచ్చి కృతజ్ఞత ఆశిస్తున్నారు.

ఆ చిట్టాలో ‘నియతకాలికం’ అన్న మాట కొట్టెయ్యండి. ‘వ్యాపార స్వభావం’ అన్న మాటా కొట్టెయ్యండి. పల్లెలోని బ్రాంచి పోస్టాఫీసులో కూడా ఇదే రేటుకి కట్ట తీసుకోండి. అచ్చయిన కాగితమా, ఎన్ని గ్రాములు, ఎంత డబ్బు, అంతే. తూకం వేసి రసీదు ఇవ్వండి. లోపలున్నది జ్ఞానమో కాదో చదివేవాడు చూసుకుంటాడు. వాడి పిన్‌కోడ్ పైనే రాసి ఉంది.