అసలు క్రిస్మస్ అంకుల్

గుంటూరులో ప్రతి సంఘానికీ ఒక అసలు క్రిస్మస్ అంకుల్ ఉంటారు. రిటైరైన హెడ్మాస్టరో, బ్యాంకు మేనేజరో అయి ఉంటారు. పదకొండు నెలలు సంఘపెద్దల్లో ఒకరిగా కానుకల సంచి పట్టుకుని మామూలుగానే తిరుగుతారు. నవంబరు ఆఖరి ఆదివారం, ఆరాధన ముగిసి జనం చెప్పులు వెతుక్కునే వేళకి, ఆయనలో ప్రవక్త నిద్ర లేస్తాడు.

"అసలు క్రిస్మస్ అంటే ఏంటో మీకెవరికైనా తెలుసా?"

తెలియదని ఒప్పుకుంటే పావుగంట. తెలుసంటే ముప్పావుగంట.

క్రిస్మస్‌ని వ్యాపారం చేసేశారన్నది ఆయన పల్లవి. పట్నంబజారు బట్టల కొట్ల దగ్గర ఎత్తుకుని నక్షత్రాల దగ్గరికి వస్తారు. "మా రోజుల్లో వెదురుబద్దలు చీల్చి, రంగుకాగితం అంటించి, లోపల నలభై క్యాండిల్ బల్బు పెట్టేవాళ్లం. ఇప్పుడు రిమోటు నొక్కితే ఏడు రంగులు. జ్ఞానులు దీన్ని చూసుంటే డిస్కో అనుకుని వెనక్కి తిరిగేవాళ్లు." ఈ మాటలు ఆయన తమ ఇంటి గుమ్మంలో నిలబడి చెబుతుండగా, నెత్తి మీది నక్షత్రం ఎరుపు లోంచి పచ్చలోకి, పచ్చ లోంచి ఊదాలోకి మారుతూ ఉంటుంది. మనవడు గొడవ చేశాడట.

ఊరికే తిట్టే మనిషి కాదు, చదువుకున్నారు. మొట్టమొదటి క్రిస్మస్ కార్డుని 1843లో లండన్లో హెన్రీ కోల్ వెయ్యి ప్రతులు అచ్చు వేయించి షిల్లింగుకొకటి అమ్మించాడనీ, దాని మీద ఇంటిల్లిపాదీ వైను గ్లాసులెత్తుతున్న బొమ్మే ఉందనీ గడగడా చెబుతారు. సాంటాక్లాజుని 1931లో కోకాకోలా కంపెనీయే కనిపెట్టిందని కూడా అంటారు. అది కొంచెం ఎక్కువ. ఆ ఏడు కంపెనీ తరఫున సండ్‌బ్లోమ్ అనే చిత్రకారుడు బొమ్మలు గీసి ఆ తాతకి ఊరూరా ప్రచారం తెచ్చిన మాట నిజమే గానీ, ఎర్ర కోటు అంతకు ముందునుంచీ ఉంది. అసలు మనిషి నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న మైరా ఊరి బిషప్పు నికొలసు. ముగ్గురాడపిల్లల పెళ్లి చేయలేని పేదతండ్రి ఇంట్లోకి రాత్రిపూట, పేరు చెప్పకుండా, బంగారం మూటలు విసిరాడని కథ. ఇలాంటి దాత మన కమిటీకి దొరికితే పెద్ద చిక్కు. రసీదు ఎవరి పేర రాయాలి, మైకులో ఎవరి పేరు చదవాలి?

ఒకసారి కమిటీ మీటింగులో అంకుల్ అమెరికా ముచ్చట తీశారు. 1659లో మసాచుసెట్స్‌లో ప్యూరిటన్లు క్రిస్మస్ చేసుకున్నవాడికి 5 షిల్లింగుల జరిమానా వేశారనీ, 1681 దాకా ఆ చట్టం నడిచిందనీ చెప్పి, అదీ భక్తంటే అన్నారు. కోశాధికారి కాసేపు ఆలోచించి, "మనమూ తలా ఇంత వేస్తే షామియానా ఖర్చు వచ్చేస్తుందండీ" అన్నాడు. అంకుల్ వెంటనే కాగితం అడిగారు.

ఎందుకంటే స్పాన్సర్లను పట్టేదీ ఆయనే. గుడి గేటు మీద కట్టే ఫ్లెక్సీ చూడండి. ఎడమవైపు రియలెస్టేటు యజమాని నిలువెత్తు నమస్కారం. కుడివైపు కంటి ఆసుపత్రి డాక్టరుగారు, చేతులు కట్టుకుని. పైన వరసగా గుండ్రటి చట్రాల్లో సంఘపెద్దలు, వాళ్లలో నల్లకళ్లద్దాలతో అంకుల్. వీళ్లందరికీ చోటు సర్దాక, అడుగున ప్రెస్సు వాడి ఫోను నెంబరు పక్కన పశువుల తొట్టె, అందులో బాలయేసు. సత్రంలో స్థలం లేదని లూకా రాసింది అక్షరాలా కనపడుతుంది. నగల కొట్టు ప్రకటనకి "జ్ఞానులు తెచ్చిందీ బంగారమే" అన్న వాక్యం రాసిచ్చింది కూడా అంకులేనని వినికిడి. సాంబ్రాణికీ బోళానికీ స్పాన్సర్లు దొరకలేదు.

అయితే ఆయన గోలలో సగం న్యాయముంది. 1842లో ఫాదర్ హయ్యర్ అడుగుపెట్టిన లూథరన్ల ఊరు ఇది. ఆ ఆచారం ప్రకారం క్రిస్మస్ ముందు నాలుగాదివారాలు ఆగమన కాలం, ఎదురుచూపుకీ పశ్చాత్తాపానికీ పెట్టిన రోజులు. ఇప్పుడా రోజులన్నీ సెమీ క్రిస్మస్‌లే. బ్యాంకులో సెమీ, కాలేజీలో సెమీ, అపార్టుమెంటులో సెమీ, పార్టీ ఆఫీసులో సెమీ. ప్రతిచోటా కేకు, బిర్యానీ పొట్లం, ఒకే ప్రసంగం. క్యాలెండరులో 25న మొదలై పన్నెండు రోజులు సాగాల్సిన పండగ, మనకి 25 సాయంత్రం జెలుసిల్ బిళ్లతో ముగుస్తుంది. ఈ సంగతి అంకుల్ ఏడు సెమీల్లో ముఖ్య అతిథిగా చెప్పారు. ఏడు శాలువలు వచ్చాయి.

క్యారల్స్ రూటు గీసేదీ ఆయనే. అరండల్‌పేట డాక్టర్లు మొదట, బ్రాడీపేట లాయర్లు తర్వాత, అలా కవరు మందం తగ్గేకొద్దీ ఊరి చివరికి. మునిసిపాలిటీలో ఊడ్చేవాళ్లుండే పేట ఆఖరున, తెల్లవారుజామున మూడింటికి.

"అంకుల్, దూత ముందు గొల్లల దగ్గరికే కదా వెళ్లింది? మనమూ పేట నుంచి మొదలెడదాం" అన్నాడు డోలక్ కొట్టే కుర్రాడు.

"దూతకి రెక్కలున్నాయిరా. మనం ఆటోకి అద్దె కట్టాలి."

మూడింటికి పేట చేరేసరికి కీబోర్డు అబ్బాయి ఆటోలో నిద్రపోయాడు, సాంటా మాస్కు ఎక్కడో పడిపోయింది. ఒక ముసలామె గుమ్మం ముందు ముగ్గేసి, కుర్చీలు లేక మంచం వాల్చి కూర్చోబెట్టింది. అంకుల్ గొంతు సవరించుకుని పురుషోత్తమ చౌదరిగారి కీర్తన ఎత్తుకుని, పుస్తకం లేకుండా చరణాలన్నీ పాడారు. అరండల్‌పేటలో పల్లవితోనే సరిపెట్టిన మనిషి! ఆమె కొంగుముడి విప్పి ఇచ్చిన పది రూపాయలు నోటుబుక్కులో రాసుకుని, రెండో గ్లాసు టీ అడిగి పుచ్చుకున్నారు.

"వచ్చే ఏడు ఇక్కణ్నుంచే మొదలెడదాంరా" అన్నారు.

"పోయినేడు కూడా ఇదే అన్నారంకుల్."

"మరి? మాట మార్చే మనిషినా నేను?"